ఉచితంగా తీసిన ఫోటోలకు పన్ను రాయితీ వస్తుందా?

ఒక వృద్ధాశ్రమం వార్షికోత్సవానికి ఫోటోగ్రాఫర్ పైసా తీసుకోకుండా రోజంతా పని చేశాడనుకుందాం. అదే పని బయట చేస్తే 40,000 రూపాయలు వచ్చేవి. ఆశ్రమానికి 80జీ గుర్తింపు ఉంది, అంటే దానికిచ్చే విరాళానికి దాతకు పన్ను మినహాయింపు వస్తుంది. నిర్వాహకులు కృతజ్ఞతతో "మా సంస్థకు 40,000 రూపాయల విలువైన సేవ అందించారు" అని లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి మరీ ఇచ్చారు. ఆ కాగితం ఆధారంగా రిటర్నులో 40,000 విరాళం చూపించుకోవచ్చా?

కుదరదు. అందులో ఒక్క రూపాయికి కూడా కుదరదు. ఆదాయపు పన్ను చట్టం 80జీ సెక్షన్‌లోని 5వ వివరణ ఈ సంగతిని సూటిగా తేల్చేసింది: విరాళం డబ్బు రూపంలో ఉంటేనే మినహాయింపు. మీ సమయం డబ్బు కాదు. మీ నైపుణ్యం, కెమెరా అద్దె విలువ, ప్రింట్లు, ఆల్బమ్, మీరిచ్చిన పాత లెన్సు కూడా డబ్బు కావు. సంస్థ ఎంత విలువ కట్టి రాసిచ్చినా ఫలితం మారదు.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే కాగితం ఒకటుంది. విరాళాల వివరాలను సంస్థలు ఏటా 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇస్తాయి. ఆ ఫారంలో విరాళం ఎలా అందిందో చెప్పే గడిలో నగదు, బ్యాంకు మార్గాలతో పాటు 'వస్తు రూపం' అనే ఎంపిక కూడా ఉంది. సంస్థ దాన్ని ఎంచుకుని 40,000 అని నింపితే మీ చేతికి ప్రభుత్వ పోర్టల్ నుంచి వచ్చిన అసలైన సర్టిఫికెట్టే వస్తుంది. అంతమాత్రాన మినహాయింపు రాదు. ఆ ఫారం సంస్థకు ఏమి అందిందో చెబుతుంది, మీకు ఏమి దక్కుతుందో చెప్పదు. అది చూసి రిటర్నులో వేసుకుంటే తర్వాత నోటీసు వచ్చేది మీకే.

చదవగానే ఇది అన్యాయం అనిపించడం సహజం. డబ్బున్నవాడు చెక్కు రాసిస్తే రాయితీ, చేతిలో పనున్నవాడు పని చేసిపెడితే ఏమీ లేదా అని. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది. ఒకే రోజు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఏం చేశారో చూడండి. మొదటి వ్యక్తి ఆశ్రమానికి ఉచితంగా ఫోటోలు తీశాడు. రెండో వ్యక్తి ఆ రోజు పెళ్లి షూట్ చేసి 40,000 సంపాదించి, మొత్తం తెచ్చి ఆశ్రమానికి ఇచ్చాడు. రెండో వ్యక్తి ఆదాయంలో ఆ 40,000 చేరింది. తర్వాత అతనికి 80జీ కింద, చాలా సంస్థల విషయంలో లాగే, సగం అంటే 20,000 మాత్రమే తగ్గింది. మొదటి వ్యక్తి ఆదాయంలో ఆ 40,000 అసలు చేరనే లేదు. అంటే అతనికి నూటికి నూరు శాతం మినహాయింపు ముందే దక్కినట్టు. ఆ పైన విరాళంగా కూడా చూపించుకోనిస్తే, ఎప్పుడూ చేతికి రాని డబ్బును చూపించి వేరే పెళ్లిళ్ల మీద సంపాదించిన డబ్బుకు పన్ను తగ్గించుకున్నట్టవుతుంది.

తీసుకోని ఫీజు మీద పన్ను వేయరు కదా అన్న భయం కూడా కొందరికి ఉంటుంది. వేయరు. అసలు పుట్టని ఊహాజనిత ఆదాయానికి పన్ను లేదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1962లో షూర్జీ వల్లభదాస్ కేసులో స్థిరపరచింది. ఆదాయమే పుట్టనప్పుడు పుస్తకాల్లో రాసుకున్నంత మాత్రాన పన్ను పుట్టదు. మీరు ఎంత ఫీజు అడిగి ఉండవచ్చు అన్నది మీ ఇష్టానికి సంబంధించిన విషయం.

ఫీజు వద్దనుకున్నది ఎప్పుడు?

అసలు మెలిక ఇక్కడుంది. షూట్‌కి ముందే ఉచితం అనుకుంటే ఆదాయం పుట్టలేదు. కొటేషన్ ఇచ్చి, వాళ్లు ఒప్పుకుని, పని పూర్తయ్యాక "పర్లేదులెండి, ఉంచుకోండి" అంటే మాత్రం కథ మారుతుంది. మీరు మర్కంటైల్ పద్ధతిలో, అంటే డబ్బు చేతికి రాకున్నా హక్కు పుట్టగానే ఆదాయంగా లెక్కలు రాసేవారైతే పని పూర్తి కాగానే ఫీజు మీద మీకు హక్కు వచ్చేసింది. వచ్చిన ఆదాయాన్ని తర్వాత వదిలేయడమంటే ఆదాయాన్ని ఖర్చు పెట్టుకోవడమే. ఆదాయం మీ దాకా రాకుండానే మళ్లిపోవడం ఒకటి, వచ్చాక మీరు దాన్ని వాడుకోవడం ఇంకొకటి. 1960లో సీతల్‌దాస్ తీరథ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇదే, ఇప్పటికీ ఇదే కొలమానం. నగదు పద్ధతిలో, అంటే డబ్బు చేతికి వచ్చినప్పుడే రాసుకునేవారికి ఈ చిక్కు తక్కువ.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. సేవలకు అడ్వాన్సు తీసుకున్న రోజే దాని మీద పన్ను బాధ్యత పుడుతుంది. 10,000 అడ్వాన్సు పుచ్చుకుని, బిల్లు కూడా కొట్టి, తర్వాత మనసు మార్చుకుంటే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి. దాన్ని రిటర్నులో చూపించడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకానే గడువు. అందుకే ఉచిత పనికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టకండి. "విలువ 40,000, తగ్గింపు 40,000" అని గౌరవంగా కనిపించే బిల్లు కూడా వద్దు. కృతజ్ఞత కోసం విలువ చెప్పాలనిపిస్తే మామూలు ఉత్తరంలో చెప్పండి.

సగం ఫీజుకు చేసే పనికీ ఇదే తర్కం. 40,000 పనిని 15,000కు చేస్తే మీ ఆదాయం 15,000, జీఎస్టీ కూడా ఆ 15,000 మీదే, 18 శాతం చొప్పున 2,700. మిగతా 25,000 విరాళం కాదు, తగ్గించిన ధర.

బిల్లు వేసి, తిరిగి విరాళం ఇస్తే?

ఈ సలహా ప్రతి మార్చిలోనూ తిరుగుతుంది: సంస్థకు 40,000 బిల్లు ఇవ్వండి, వాళ్లు చెల్లిస్తారు, మీరు అదే 40,000 విరాళంగా తిరిగి పంపండి, 80జీ రశీదు తీసుకోండి. వినడానికి బాగుంటుంది. 30 శాతం శ్లాబులో, మామూలు లెక్కల పద్ధతిలో ఉన్నవారికి అది ఏమవుతుందో చూడండి. 40,000 ఆదాయం మీద సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 12,480 పన్ను. 80జీ కింద 20,000 తగ్గితే ఆదా అయ్యేది 6,240. నికరంగా 6,240 చేతి నుంచి పడింది. ఉచితంగా చేసి ఉంటే ఈ ఖర్చు సున్నా. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి 80జీయే లేదు కాబట్టి మొత్తం 12,480 పోతుంది. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్ అన్నది గుర్తుంచుకోవాలి. పాత విధానం ఎంచుకోకపోతే మీరు ఉన్నది కొత్తదానిలోనే. పైగా మీకు జీఎస్టీ ఉంటే సంస్థ 7,200 అదనంగా కట్టాలి. మామూలుగా సేవా సంస్థలకు దాని మీద క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన దానిలో సర్దుకునే వీలు, రాదు, ఆ సొమ్ము పోయినట్టే.

44ఏడీ కింద అంచనా ఆదాయం (టర్నోవర్‌లో కొంత శాతాన్నే ఆదాయంగా) చూపించే చిన్న వ్యాపారుల లెక్క మాత్రం తిరగబడుతుంది. డిజిటల్‌గా వచ్చిన 40,000లో 6 శాతం, అంటే 2,400 మాత్రమే ఆదాయంగా లెక్కకు వస్తుంది. దాని మీద 30 శాతం శ్లాబులో కూడా పన్ను సుమారు 749. అటువైపు 80జీ వల్ల 6,240 ఆదా. కాగితం మీద ఇది లాభమే, కొందరు సలహాదారులు దీన్నే రహస్యంలా చెబుతారు. ఇందులోకి దిగవద్దని గట్టిగా చెప్పాల్సి ఉంది. ముందే మాట్లాడుకుని తిప్పిన డబ్బు నిజమైన ఫీజూ కాదు, నిజమైన విరాళమూ కాదు. ఒకే వారంలో వెళ్లి తిరిగొచ్చిన ఒకే మొత్తం రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లలోనూ పక్కపక్కనే కనిపిస్తుంది. పన్ను ఎగవేతకు వేసిన ముసుగును కోర్టులు 1985 నాటి మెక్‌డోవెల్ తీర్పు నుంచీ తొలగించి చూస్తూనే ఉన్నాయి. ఆదాయాన్ని తప్పుగా చూపించారని తేలితే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం. మీతో పాటు ఆ ఆశ్రమం గుర్తింపు కూడా ఇబ్బందిలో పడుతుంది. సేవ చేద్దామని వెళ్లి వాళ్ల నెత్తిన అది పెట్టడం న్యాయం కాదు.

నిజంగా ఫీజు తీసుకున్న తర్వాత, ఏ ఒప్పందమూ లేకుండా, మీకు ఇవ్వాలనిపించినంత ఇస్తే అది వేరే విషయం. అప్పుడు కూడా మూడు హద్దులు చూసుకోండి. 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు, యూపీఐ లేదా చెక్కు వాడాలి. చాలా సంస్థల విషయంలో సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో 10 శాతం దాకానే విరాళం లెక్కకు వస్తుంది, అందులో సగం తగ్గుతుంది. ఆ ఆదాయం 8 లక్షలైతే 80,000 దాకా లెక్కకు వచ్చి, 40,000 తగ్గుతుంది. ఇక సంస్థ మే 31లోపు 10బీడీ దాఖలు చేసి 10బీఈ ఇవ్వాలి. అది లేకపోతే చేతిరాత రశీదు ఎంత పెద్దదైనా నిలబడదు.

జేబులోంచి పెట్టిన ఖర్చు

మన సమయానికి రాయితీ లేదు సరే, ఖర్చుల మాటేమిటి? ఆశ్రమం షూట్‌కి పెట్రోలు 1,500, అసిస్టెంటుకు 2,500, డ్రోన్ ఆపరేటర్‌కు 8,000, ల్యాబులో ప్రింట్లకు 6,000. మొత్తం 18,000 నిజంగా మీ జేబులోంచి వెళ్లింది. సేవ కోసం పెట్టిన సొంత ఖర్చును విరాళంగా చూపించే దారి భారత చట్టంలో లేదు, ఎందుకంటే ఆ డబ్బు సంస్థకు చేరలేదు, ల్యాబుకూ డ్రోన్ ఆపరేటర్‌కూ చేరింది.

దీనికి నిజాయితీగా ఉన్న దారి చాలా తేలిక, కానీ షూట్‌కి ముందే అనుకోవాలి. బయటివాళ్ల బిల్లులు సంస్థ పేరు మీద చేయించండి. సంస్థే నేరుగా ల్యాబుకు, డ్రోన్ ఆపరేటర్‌కు చెల్లిస్తుంది. మీరు ఇవ్వగలిగినంత మీ ఖాతా నుంచి సంస్థ ఖాతాకు విరాళంగా పంపండి. డబ్బు నిజంగా సంస్థకు వెళ్లింది, ఖర్చు నిజంగా సంస్థ చేసింది, 80జీ నిజంగా వర్తిస్తుంది. ల్యాబు మీ సొంతమో మీ ఇంట్లోవాళ్లదో అయితే మాత్రం ఈ దారి వద్దు, డబ్బు మళ్లీ గుండ్రంగా తిరిగినట్టవుతుంది.

రెండో దారి, 37(1) సెక్షన్ కింద వ్యాపార ఖర్చుగా చూపించడం. ఇక్కడ మొత్తం 18,000 తగ్గుతుంది, సగం కాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నా తగ్గుతుంది. షరతు ఏమిటంటే ఆ ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే అయి ఉండాలి. దాతృత్వం, వ్యాపారం ఒకే ఖర్చులో కలవవచ్చా అంటే, కలవవచ్చని చెప్పిన తీర్పు మన ఆంధ్ర నేల నుంచే వెళ్లింది. శ్రీ వెంకట సత్యనారాయణ రైస్ మిల్ కాంట్రాక్టర్స్ కంపెనీ జిల్లా సంక్షేమ నిధికి ఇచ్చిన సొమ్మును వ్యాపార ఖర్చుగా చూపించింది. వ్యాపారంతో నేరుగా సంబంధం ఉన్నా, వ్యాపారానికి దానివల్ల మేలు కలిగినా, ప్రజల మేలు కోసం ఇచ్చినదైనా స్వచ్ఛందంగా ఇచ్చినదైనా ఖర్చుగా ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు అంది. ఆ షూట్ వల్ల మీకు పని ఎలా వస్తుందో చూపించగలగాలి: సంస్థ ప్రచురణలో మీ స్టూడియో పేరు, మీ పోర్ట్‌ఫోలియోలో ఆ ఫోటోలు, ఆ పరిచయంతో వచ్చిన ఆర్డర్లు. ఏమీ చూపలేకపోతే అది మీ సొంత ఖర్చే, డ్రాయింగ్స్‌లో (సొంతానికి తీసుకున్న డబ్బు కింద) రాసుకోవడం మేలు. ఒకే 18,000ను ఖర్చుగానూ విరాళంగానూ రెండుచోట్ల చూపించడం అసలు కుదరదు. అసిస్టెంటుకో డ్రోన్ ఆపరేటర్‌కో ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే 40ఏ(3) కింద ఆ ఖర్చును ఒప్పుకోరు, అది ఉచిత షూట్ అయినా కాకపోయినా.

44ఏడీలో ఉన్నవారికి ఈ రెండో దారి లేదు. టర్నోవర్‌లో 6 లేదా 8 శాతం ఆదాయం అనగానే ఖర్చులన్నీ అందులోనే కలిసిపోయాయి. మరో చిన్న మాట: వృత్తినిపుణులకు 50 శాతం లెక్కగట్టే 44ఏడీఏ సినిమా కెమెరామన్‌కు వర్తిస్తుంది, ఎందుకంటే నోటిఫై చేసిన సినీ కళాకారుల జాబితాలో కెమెరామన్ ఉన్నాడు. పెళ్లిళ్లు తీసే స్టూడియో ఫోటోగ్రాఫర్ ఆ జాబితాలో లేడు. ఇతన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆడిటర్ల మధ్య తేడాలున్నాయి కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకోండి.

పోర్ట్‌ఫోలియో అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక, ఇది పన్నుకన్నా ముఖ్యమైనది. అనాథాశ్రమాల్లో, బాలల సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ముఖాలు గుర్తుపట్టేలా ప్రచురించడాన్ని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రచారం కోసమే చేశానని నిరూపించడానికి ఆ ఫోటోలను స్టూడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడమంటే ఆ పిల్లలకు హాని, మీకు కేసు. అలాంటి చోట్ల చేసిన పనిని సేవగానే ఉంచండి.

జీఎస్టీ: ఉచితమే, కానీ కొన్ని చోట్ల కాదు

మన రెండు రాష్ట్రాల్లోనూ సేవలకు రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. దానికి లోపు ఉండి రిజిస్ట్రేషన్ లేనివారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. ఉచిత పని విలువ టర్నోవర్‌లో కలవదు కాబట్టి, సేవ చేస్తూపోతే హద్దు దాటుతానేమోనన్న బెంగ అక్కర్లేదు.

రిజిస్టర్ అయినవారికి మొదటి సూత్రం: ప్రతిఫలం లేకపోతే సప్లై (జీఎస్టీ పడే సరఫరా) లేదు, పన్ను లేదు. ఈ సూత్రం వర్తించని సందర్భాలు జీఎస్టీ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 'సంబంధిత వ్యక్తుల' మధ్య వ్యాపార క్రమంలో జరిగినదైతే ప్రతిఫలం లేకున్నా అది సప్లైయే. ఒకరు ఇంకొకరి అదుపులో ఉంటే, ఒకరి వ్యాపారంలో ఇంకొకరు పదవిలో ఉంటే, ఒకే కుటుంబమైతే సంబంధిత వ్యక్తులవుతారు. మీరే నడిపే ట్రస్టుకు, మీ భార్య చేతిలో ఉన్న ఫౌండేషన్‌కు మీ స్టూడియో ఉచితంగా పని చేస్తే అధికారి బయటి మార్కెట్ ధర 40,000 అని లెక్కకట్టి 7,200 అడిగే అవకాశం ఉంది. అప్పుడు ఉచిత సేవకు మీరే చేతి నుంచి పన్ను కడతారు. ఇలాంటి బంధం ఉంటే స్టూడియో పేరుతో కాకుండా వ్యక్తిగా, వ్యాపార క్రమానికి బయట చేశారా అన్నది కాగితాల మీద స్పష్టంగా ఉండాలి.

రెండోది, ప్రతిఫలం డబ్బే కానక్కర్లేదు. "ఫోటోలు ఉచితం, బదులుగా వేదిక మీద మా స్టూడియో బ్యానర్, ఫోన్ నంబరుతో సహా" అంటే అది వస్తుమార్పిడి. మీ ఫోటోగ్రఫీ, వాళ్ల ప్రకటన స్థలం, రెండూ సప్లైలే. కృతజ్ఞతగా పేరు వేయడం దీనికి భిన్నం. 2019 అక్టోబరు 11 నాటి 116వ సర్క్యులర్‌లో, దాత పేరును కృతజ్ఞత తెలిపే తీరులో ప్రదర్శిస్తే, ఆ ప్రదర్శన వ్యాపారానికి ప్రకటన కాకపోతే, పన్ను లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు చెప్పింది. అది డబ్బు విరాళాల గురించి రాసినదే అయినా గీత ఎక్కడుందో దానివల్ల తెలుస్తుంది. 'ఛాయాచిత్రాలు: ఫలానా' అన్న ఒక్క వరుస కృతజ్ఞత. ప్యాకేజీ ధరలతో ఫ్లెక్సీ ప్రకటన. ఫీజుకు బదులు సంస్థ మీకు లెన్సో ఫోనో బహుమతిగా ఇస్తే అది ఆదాయపు పన్నులోనూ వ్యాపార ప్రయోజనమే. ఏడాదిలో 20,000 దాటితే 194ఆర్ కింద వాళ్లు 10 శాతం టీడీఎస్ చూసుకోవాలి.

మూడోది, ఎవరూ చూడనిది, ఇన్‌పుట్ క్రెడిట్. స్టూడియో అద్దె, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ మీద తీసుకున్న క్రెడిట్ వ్యాపారానికి వాడినంత మేరకే మీది. వ్యాపారేతర పనికి కూడా వాడితే 42వ నియమం ఉమ్మడి క్రెడిట్‌లో 5 శాతం వెనక్కి ఇమ్మంటుంది. ఏడాదికి ఉమ్మడి క్రెడిట్ 60,000 అయితే 3,000. ఇక ఉచితంగా ఇచ్చేసిన ప్రింట్లు, ఆల్బమ్‌ల విషయంలో బహుమతిగా ఇచ్చిన వస్తువులకు క్రెడిట్ లేదని 17(5)(హెచ్) చెబుతుంది, ప్రచారం కోసం ఇచ్చినా సరే. ఇక్కడ మాట నిలకడగా ఉండాలి. ఒకే షూట్‌ను ఆదాయపు పన్నులో 'ప్రచార ఖర్చు' అనీ, జీఎస్టీలో అవసరాన్ని బట్టి 'వ్యాపారేతర దాతృత్వం' అనీ చెబితే రెండు ఫైళ్లూ ఒకదానికొకటి సాక్ష్యమవుతాయి.

కెమెరానే ఇచ్చేయాలనుకుంటే ఇంకా జాగ్రత్త. క్రెడిట్ తీసుకున్న వ్యాపార ఆస్తిని శాశ్వతంగా ఇచ్చేస్తే, ఉచితమైనా అది సప్లైయే, మొదటి షెడ్యూల్ మొదటి పేరా. 18(6) సెక్షన్ లెక్క ప్రకారం, తీసుకున్న క్రెడిట్‌ను మూడు నెలలకొకసారి 5 శాతం పాయింట్లు చొప్పున తగ్గించి, మిగిలింది లేదా ఇచ్చిన నాటి విలువ మీద పన్ను, ఏది ఎక్కువైతే అది కట్టాలి. 2 లక్షల కెమెరా మీద 36,000 క్రెడిట్ తీసుకుని సరిగ్గా రెండేళ్లకు ఇస్తే 40 శాతం తగ్గి 21,600 కట్టాలి. ఐదేళ్లు నిండితే ఈ భాగం సున్నాకు చేరుతుంది, ఇచ్చిన నాటి విలువ మీద పన్ను మాత్రం చూసుకోవాలి. క్రెడిట్ తీసుకోకుండా కొన్న కెమెరాకు ఈ బాధ లేదు. ఆదాయపు పన్నులో ఎలాగూ వస్తువుకు 80జీ లేదు. కాబట్టి కెమెరా బయట అమ్మి, పన్ను కట్టి, వచ్చిన డబ్బు విరాళం ఇవ్వడమే చాలాసార్లు అందరికీ మేలు.

ఒక ఉత్తరం, దానిలో ఏముండాలి

డబ్బు చేతులు మారని పనికి కాగితం ఎందుకనుకుంటాం. నిజానికి కాగితం ఎక్కువ అవసరమైనది అక్కడే. కారణం 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్. ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంత కాలం కాపీరైట్ మొదట వాళ్లదే. ప్రతిఫలం లేకపోతే ఫోటో తీసినవారిదే. అంటే డబ్బు తీసుకున్న పెళ్లి ఫోటోల మీద లేని హక్కు, ఉచితంగా తీసిన ఆశ్రమం ఫోటోల మీద మీకుంటుంది. సంస్థ వాటిని వార్షిక నివేదికలో, నిధుల సేకరణలో వాడుకోవాలంటే మీరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కాలపరిమితి రాయని హక్కుల బదిలీ ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. ఇతర దేశాల్లోని దాతలకు పంపే సంస్థ అయితే ఆ రెండూ తప్పక రాయాలి.

కాబట్టి షూట్‌కి ముందు తేదీతో ఒక పేజీ ఉత్తరం సరిపోతుంది. పని ఏమిటి, ఏ రోజు, ఎన్ని ఫోటోలు ఎప్పటికి ఇస్తారు. దీనికి ఫీజు గానీ వేరే రూపంలో ప్రతిఫలం గానీ లేదు. ప్రింటింగ్, డ్రోన్ బిల్లులు ఎవరివి. ఫోటోల వాడకానికి అనుమతి ఎంత కాలం, ఎక్కడెక్కడ. పేరు ఎలా వేస్తారు. సంస్థలో మీకు పదవి లేదన్న మాట. ఇద్దరి సంతకాలు. ఈ ఒక్క పేజీ ఆదాయపు పన్ను అధికారికి ఫీజు పుట్టలేదని, జీఎస్టీ అధికారికి ప్రతిఫలం లేదని, సంస్థకు వాడుకునే హక్కు ఉందని ఒకేసారి చెబుతుంది.

ప్రింట్ల ప్రదర్శన పెట్టి, అమ్మిన డబ్బు సంస్థకు ఇచ్చేవారు అమ్మేది ఎవరో ముందే తేల్చుకోవాలి. మీ పేరున బిల్లు వేసి, మీ యూపీఐలో లక్ష జమ చేసుకుని, తర్వాత సంస్థకు పంపితే ఆ లక్ష ముందు మీ ఆదాయం. ప్రింట్లను ముందే సంస్థకు ఇచ్చేసి, సంస్థ తన పేరున, తన ఖాతాలోకి అమ్మితే మీకు ఆదాయం లేదు. కొన్నవారికి 80జీ రాదు, వాళ్లు డబ్బుకు బదులు ఫోటో తీసుకున్నారు కాబట్టి. వేలంలో 'ఫ్యామిలీ పోర్ట్రెయిట్ కూపన్' ఇచ్చినా ఇంతే, వేలం డబ్బు నేరుగా సంస్థకే వెళ్లాలి. కూపన్‌తో వచ్చినవారు అదనంగా ఆల్బమ్ అడిగి కొంటే అది మామూలు అమ్మకం, బిల్లు వేయాల్సిందే.

ఇక్కడ చెప్పిన ఆదాయపు పన్ను సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో విరాళాల సంగతి 133వ సెక్షన్‌లో, అంచనా ఆదాయం సంగతి 58వ సెక్షన్‌లో ఉంటాయి. డబ్బు విరాళానికే మినహాయింపు అన్న మూలం అదే. ఫారం నంబర్లు దాఖలు చేసే నాటి నియమాలతో సరిచూసుకోవాలి.

అమెరికాలో ఉన్నవారికి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గుడి ఉత్సవాలకు, తెలుగు సంఘాల సంబరాలకు ఉచితంగా ఫోటోలు తీసేవారికి నియమం సగం ఇదే, సగం వేరు. సమయానికి, సేవకు అక్కడా మినహాయింపు లేదు. కానీ 501(సి)(3) గుర్తింపు (అక్కడి దాతృత్వ సంస్థలకిచ్చే పన్ను గుర్తింపు) ఉన్న సంస్థ కోసం జేబులోంచి పెట్టిన, తిరిగి రాని ఖర్చుకు ఉంది: ప్రింట్ల కాగితం, పార్కింగ్, టోల్, సొంత కారుకు మైలుకు 14 సెంట్లు. ఒకే సేవకు సంబంధించిన ఖర్చు 250 డాలర్లు చేరితే, మీరు ఏ సేవ చేశారో, సంస్థ బదులుగా మీకు ఏమైనా ఇచ్చిందో రాసిన ఉత్తరం సంస్థ నుంచి రిటర్ను వేసేలోపు తీసుకోవాలి. 2025లో ఇవన్నీ షెడ్యూల్ ఏలో ఐటమైజ్ చేసేవారికే, అంటే మినహాయింపులను విడివిడిగా చూపించేవారికే. ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఉండే స్థిర మినహాయింపు) ఒంటరివారికి 15,750, దంపతులకు 31,500 డాలర్లు కాబట్టి చాలామందికి ఆ అవసరమే పడలేదు. 2026 నుంచి ఐటమైజ్ చేసేవారి విరాళాల్లో ఆదాయంలో 0.5 శాతం దాటిన భాగమే లెక్కకు వస్తుంది.

అక్కడ ఫోటోగ్రాఫర్లను ఎక్కువగా నొప్పించేది ఫ్రేము కట్టి ఇచ్చిన ఫోటో. గ్యాలరీలో 2,000 డాలర్లకు అమ్ముడయ్యే మీ ప్రింటును మ్యూజియానికి ఇస్తే, తీసినవారు మీరే కాబట్టి మినహాయింపు కాగితం, సిరా, ఫ్రేము ధరకే. 1969 పన్ను సంస్కరణ చట్టం నుంచీ ఇదే పద్ధతి. ఆ కాగితం, ఫ్రేము ఖర్చును ఇప్పటికే షెడ్యూల్ సీలో వ్యాపార ఖర్చుగా చూపించి ఉంటే మిగిలేది సున్నా. అదే ఫోటోను ఎవరైనా కొనుక్కుని ఏడాదికి మించి ఉంచుకుని మ్యూజియానికి ఇస్తే, మ్యూజియం దాన్ని ప్రదర్శనకే వాడితే, వాళ్లకు నాటి మార్కెట్ విలువ దక్కుతుంది. కళాకారుడికి లేనిది కొన్నవాడికి ఉండటం సరికాదని, దీన్ని మార్చాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు పదేపదే వచ్చాయి, ఏదీ చట్టం కాలేదు.

సైలెంట్ ఆక్షన్‌కు (కాగితం మీద ధర రాసి పాడే వేలానికి) ఇచ్చే పోర్ట్రెయిట్ కూపన్‌కూ అక్కడ మినహాయింపు లేదు, అది సేవ చేస్తానన్న మాట మాత్రమే. దాన్ని కొన్నవారికి కూపన్ మామూలు ధరకు మించి పెట్టిన భాగం విరాళమవుతుంది. 300 డాలర్ల కూపన్‌ను 500కు పాడితే 200.

సొంత ఊరి బడి ట్రస్టుకు నేరుగా పంపిన డాలర్లను అమెరికా రిటర్నులో చూపించలేరు. సంస్థ అమెరికాలో ఏర్పడినదై, ఆ డబ్బు మీద తన నిర్ణయం తనే తీసుకునేదై ఉండాలి. అయితే మీకు హైదరాబాదులో ఇంటి అద్దె వస్తూ, ఇక్కడ పాత విధానంలో రిటర్ను వేస్తూ ఉంటే, ఆ ట్రస్టుకు 80జీ ఉంటే, బ్యాంకు ద్వారా ఇచ్చిన విరాళాన్ని భారత రిటర్నులో చూపించుకోవచ్చు. ప్రవాసులకు కూడా 80జీ వర్తిస్తుంది. సెలవుల్లో వచ్చి ఆ బడి పిల్లల గ్రూపు ఫోటోలు ఉచితంగా తీసిపెట్టిన రోజుకు మాత్రం ఏ దేశపు రిటర్నులోనూ గడి లేదు.